అవతలి తాడు

నాకు మా చెల్లెలంటే కుళ్ళు. ఈ మాట ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు తెరిచి అనలేదు. అసూయ అని రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందేమో గానీ, ఆ రోజు నా కడుపులో ఉన్నదానికి ఆ మర్యాద కూడా ఎక్కువే. అదీ ఆస్తి దగ్గరో నగల దగ్గరో కాదు, నేను కన్న బిడ్డ దగ్గర.

మాది ఆత్మకూరు దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. సోమశిల కాలవ కింద వరి పండిస్తాం. చెల్లెలు నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. వాళ్ళాయనకు రైల్వేలో ఉద్యోగం, బిట్రగుంటకు రోజూ వెళ్ళొస్తుంటాడు. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు ఒక్కతే కూతురు. అప్పుడు దానికి పదకొండేళ్ళు.

దసరా సెలవులకు రెండు వారాల ముందు చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పాపని వచ్చే జూన్ నుంచి మా ఇంట్లో పెట్టుకుని చదివిస్తా. నేను పోయే బడికే నాతో వస్తాది. వారం వారం నువ్వు వచ్చి చూసుకోవచ్చు. తొందరేం లేదు, ఆలోచించుకో" అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. మా ఆయన విని, "బంగారం లాంటి మాట" అన్నాడు. నేను మాత్రం వద్దనడానికి కారణం వెతికాను, దొరకలేదు. మా ఊళ్ళో బడి ఏడో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే రోజూ ఆటోలో కిక్కిరిసి పద్నాలుగు కిలోమీటర్లు పోవాలి. అందుకని పెద్ద మనసున్నదానిలా, "దాన్నే అడుగుదాం, దాని ఇష్టమే మన ఇష్టం" అన్నాను. పెద్ద మనసూ లేదు, పాడూ లేదు. అమ్మను వదిలి పోనంటుందని నా ధీమా.

దాంతో ముగ్గురం ఒక మాట అనుకున్నాం. నారు పోసే పనులు మొదలయ్యేలోపు నాలుగు రోజులు నెల్లూరు వెళ్ళడం, ఒక రోజంతా మైపాడు సముద్రం దగ్గర గడపడం, సాయంత్రం బయల్దేరే ముందు అందరం కూర్చుని పిల్లను అడగడం. అప్పటిదాకా దాని చెవిన ఎవరూ ఏమీ వెయ్యకూడదు. ఈ షరతు పెట్టింది నేనే. చెల్లెలు టీచరు కదా, తియ్యటి మాటలు చెప్పి ముందే బుట్టలో వేసుకుంటుందని నా అనుమానం.

పండగ వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే చెల్లెలి ఇంటి నుంచి కారు మాట్లాడుకుని బయల్దేరాం. మరిదికి డ్యూటీ, రాలేదు. ముందు సీట్లో డ్రైవరు పక్కన మా ఆయన, వెనక మేం ముగ్గురం. బయల్దేరకముందే నాకు మంట మొదలైంది. నేను జడ వేస్తే తల గుంజుతున్నావని ఇల్లు పీకి పందిరేసే పిల్ల, పిన్ని ముందు కదలకుండా కూర్చుని రెండు వైపులా అల్లిన కొత్త రకం జడ వేయించుకుంది. కారెక్కగానే పిన్ని ఒళ్ళో తల పెట్టి, కాళ్ళు నా ఒళ్ళో పెట్టింది. తల అక్కడ, కాళ్ళు ఇక్కడ. తన్నులు నాకూ ముద్దులు దానికీనా అనుకున్నాను.

అంతకు రెండు రోజుల ముందు మొదటి వాన దంచి కొట్టి తెరిపిచ్చింది. ఇందుకూరుపేట దాటాక దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు, వాటిలో గిరగిరా తిరిగే చక్రాలు. అవెందుకు తిరుగుతున్నాయని పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపు చెల్లెలు, "రొయ్యలకు గాలి ఆడాల గదా బంగారూ" అని చెప్పేసింది. నాకూ తెలుసు ఆ సంగతి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మైపాడులో దిగేసరికి తొమ్మిదైంది. ఎండ ఉంది గానీ చురుకు లేదు. వాన నీళ్ళు కలిసి సముద్రం ఒడ్డున మట్టిరంగులో ఉంది. చెల్లెలు చుడీదార్ పైకి మడిచి పిల్లతో పాటు పరుగెత్తింది. నేను కొత్త చీర కట్టుకుని వచ్చాను, ఎవరి కోసమో! మోకాలి దాకా తడిస్తే పాడవుతుందని ఒడ్డునే నిలబడ్డాను. "అమ్మా, చెప్పులు చూస్తా ఉండు" అని అరిచి పోయింది నా కూతురు. మూడు జతల చెప్పులు, రెండు ఫోన్లు, ఒక సంచీ నాకు కాపలా. మా ఆయన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

వాళ్ళిద్దరూ ఎండ్రకాయల వెంట పడ్డారు. కన్నం మీద మడమ పెట్టి ఎట్టా ఆపాలో చెల్లెలు చూపిస్తోంది. చిన్నప్పుడు దానికి ఎండ్రకాయలంటే ఏడుపు. మా కాలవలో పట్టి దాని భయం పోగొట్టింది నేను. ఆ విద్య నా దగ్గర నేర్చుకుని, నా బిడ్డ దగ్గర పేరు కొట్టేస్తోంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. లేచి వెళ్ళి "నాకూ వచ్చు" అని చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పుల కాపలా వదిలి ఎట్టా పోతాను?

మధ్యాహ్నం సరుగుడు చెట్ల కింద కూర్చుని అన్నాలు తిన్నాం. నేను చెల్లెలి వంటింట్లోనే తెల్లవారుజామున లేచి చింతపండు పులిహోర కలిపాను. అది రొయ్యల వేపుడు, చపాతీలు తెచ్చింది. పిల్ల పులిహోర రెండు ముద్దలు తిని, చపాతీల మీద పడింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? మా ఆయన కూడా సిగ్గు లేకుండా వేపుడు మూడుసార్లు వేయించుకున్నాడు. నా ముఖం చూసి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? పిల్ల తింటా ఉండాది గదా" అన్నాడు. మిగిలిన పులిహోర నేనే తిన్నాను, ఆకలి లేకపోయినా.

ఆ తర్వాత విన్న ఒక మాట నాకు ముల్లులా దిగింది. ఒడ్డుకు కొంచెం దూరంలో ఒక పడవ ఆగి ఉంది. దాని ముక్కు మీద పెద్ద అక్షరాలతో ఏదో రాసి ఉంది. చదవమన్నాను. పిల్ల కళ్ళు చికిలించింది, తల పక్కకు వంచింది, చదవలేకపోయింది. చెల్లెలు నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, "అక్కా, దానికి దూరం కనపడదు. బోర్డు మీద అక్షరాలు గూడా అంతేనంట. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడే చెప్పింది. నీకు చెప్పే ఉంటాది, డాక్టరుకు చూపించి ఉంటావనుకున్నా" అంది.

ఎండాకాలం నుంచి! అయిదు నెలలు నా పక్కలో పడుకుని, నా చేత్తో తిని, ఆ మాట నాకు చెప్పలేదు. పిల్లను దగ్గరికి పిలిచి అడిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు తిడతావని."

"కళ్ళు కనపడకపోతే తిడతానా?"

"ఫోన్ చూసి చూసి పోగొట్టుకున్నావని తిడతావు గదా" అంది, తప్పు పట్టినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

నిజానికి సరిగ్గా ఆ తిట్టే నా నాలుక చివర ఉంది. మింగేశాను. దానికి కళ్ళు కనపడటం లేదన్న దిగులు పడాల్సిన సమయంలో, మొదట పిన్నికెందుకు చెప్పింది అన్నదే నన్ను కాల్చింది. అమ్మననిపించుకోవడానికి నాకే సిగ్గేసింది. సిగ్గేసినా మంట తగ్గలేదు.

మూడు దాటాక ఒడ్డున సందడి మొదలైంది. అలివి వల వేశారు. పడవలో తీసుకుపోయి సముద్రంలో పెద్ద చుట్టుగా వల వదిలి, దాని రెండు చివర్ల తాళ్ళు ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడు పట్టుకుని ఒక్కో గుంపు, వంద గజాల ఎడంగా నిలబడి లాగుతారు. ఎవరైనా సరే ఒక చెయ్యి వేస్తే, వల ఒడ్డుకొచ్చాక కూరకు సరిపడా చేపలిచ్చి పంపడం అక్కడి ఆనవాయితీ. వల పెద్దాయన తలకు తువ్వాలు చుట్టుకుని, "రాండమ్మా, రాండి, చెయ్యెయ్యండి" అని అందరినీ పిలుస్తున్నాడు.

పిల్ల ఎగిరి గంతేసింది. నేను చెయ్యి చాపి, "రా, మనిద్దరం లాగుదాం" అన్నాను. అప్పటికే పిన్ని వేలు పట్టుకుని అటువైపు తాడు దగ్గరికి పరుగెత్తుతోంది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మా ఆయన చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. నాకు రోషం తన్నుకొచ్చింది. చెప్పులు చెప్పుల చోటే వదిలేసి, కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆయన్ని లేపి లాక్కెళ్ళి, ఇటువైపు తాడు పట్టుకున్నాను.

నేను సముద్రం ఎరగని మెట్ట వైపు మనిషిని. నాకు తెలిసిన తాళ్ళాట ఒక్కటే, బడిలో ఆడించేది. రెండు గుంపులు, ఎవరు ముందు లాగితే వాళ్ళది గెలుపు. వలకు రెండు తాళ్ళు, రెండు గుంపులు కనపడగానే ఇదీ అంతే అనుకున్నాను. వాళ్ళ తాడు కంటే మా తాడు ముందు ఒడ్డుకు రావాలి. నా కూతురు చూడాలి, వాళ్ళమ్మ గెలవడం.

పొలం పని చేసిన చేతులు నావి. నడుం వంచి గుంజాను. నా ముందున్న చేపలామె వెనక్కి తిరిగి, "నిదానం అక్కా, నిదానం" అంది. నేను అలిసిపోతానని జాలి పడుతోంది కాబోలనుకుని, "నాకేం కాదులే" అని ఇంకా గట్టిగా లాగాను. అప్పుడే ఒక టెంపో నిండా జనం దిగారు, మాలాంటి మెట్ట ఊళ్ళ వాళ్ళే. "రాండన్నా, రాండి! ఆ పక్క వాళ్ళు గెలుస్తా ఉండారు, ఇటు పట్టండి" అని కేక పెట్టాను. ఒక పన్నెండు మంది, ఆడా మగా, నవ్వుకుంటూ వచ్చి మా తాడు పట్టుకున్నారు. నేను పాట చెప్పినట్టు ఒకటీ రెండూ అంటుంటే అందరూ కలిసి గుంజడం మొదలుపెట్టారు. తాడు గబగబా ఒడ్డుకొచ్చి కుప్ప పడుతోంది. అటు చూస్తే వాళ్ళు నెమ్మదిగా అడుగులో అడుగు వేసుకుంటూ ఉన్నారు. పిల్ల కనపడింది. "చూడవే! మనమే ముందు!" అని అరిచాను. జన్మలో అంత సంతోషంగా ఏదీ లాగి ఉండను.

వల పెద్దాయన తలగుడ్డ ఊడదీసి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఆపండి! ఈ పక్క ఆపండి!" చేపలామె తాడు వదిలి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆపాం. అప్పటికే ఆలస్యమైంది. మా వైపు వల కొస ముందుకొచ్చేసి చుట్టు మొత్తం అడ్డం తిరిగింది. అటువైపు నీళ్ళల్లో తళతళమని చేపలు ఎగురుతూ కనిపించాయి. అవి లోపలికి కాదు, బయటికి పోతున్నాయి.

పెద్దాయన నన్ను తిట్టలేదు. రొప్పుతూ నా ముందు నిలబడి, "ఇది పందెం గాదు తల్లీ. ఆడుండేదీ ఈడుండేదీ ఒకటే జట్టు. రెండు పక్కలా సమంగా రావాల. ఒక పక్క ఎక్కువ లాగితే ఉన్నది గూడా పోతాది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

చెల్లెలు పరుగున వచ్చి, "మా అక్కకు తెలీదు తాతా, మాది మెట్ట. ఏమనుకోవద్దు" అంది. నా తరఫున మాట్లాడే పెద్దరికం దీనికెవరిచ్చారు అనిపించింది. దాని వెనకే పిల్ల వచ్చి నిలబడింది. నన్ను చూసి సిగ్గుపడుతోందా, నా కోసం బాధపడుతోందా తేల్చుకోలేక నేను దాని ముఖం వైపు చూడలేదు.

తర్వాత వాళ్ళ లెక్కన వాళ్ళు రెండు తాళ్ళూ సరిచేసుకుని లాగారు. వల చివరనున్న సంచిలో రెండు గంపలకు సరిపడా కవళ్ళు, కాసిని నెత్తళ్ళు, అన్నీ చిన్న చేపలే, వచ్చాయి. మామూలుగా అయిదారు గంపలు నిండేవని చేపలామె చెప్పింది. ఆనవాయితీ ప్రకారం మాకూ ఒక కవర్లో చేపలు పోసి ఇచ్చారు. వద్దన్నాను. "తాడు పట్టుకున్న చేతికి ఇవ్వకుండా పంపితే మాకు మంచిది కాదమ్మా" అని పెద్దాయన చేతిలో పెట్టాడు. వాళ్ళ ఆ పూట కష్టం సముద్రంలో కలిపి, వాళ్ళ చేపలే పట్టుకుని నిలబడ్డాను. అంత అవమానంలోనూ నా బుర్రలో తిరిగింది ఒకటే. ఇదంతా చూశాక సాయంత్రం అడిగితే ఈ పిల్ల ఏం చెబుతుంది? పిన్ని దగ్గరికి పోతాననదూ?

అందుకే మాట తప్పాను. నేను పెట్టిన షరతు నేనే మీరాను. కాళ్ళకు ఇసుక కడుక్కుందాం రమ్మని పిల్లను ఒక్కదాన్నే సరుగుడు తోపు దగ్గరున్న బోరు కాడికి తీసుకెళ్ళాను. వాళ్ళిద్దరూ కారు దగ్గర సామాను సర్దుతున్నారు.

నేను బోరు కొడుతుంటే పిల్ల పాదాలు రుద్దుకుంటోంది. అడిగేశాను. "పిన్ని నిన్ను వాళ్ళింట్లో పెట్టుకుని చదివిస్తానంటా ఉండాది. జూన్ నుంచి. పోతావా?"

రుద్దడం ఆపింది. "ఎప్పటికీనా?"

"పది అయ్యేదాకా."

"నువ్వేమన్నావు?"

"నీ ఇష్టమన్నా."

"నా ఇష్టం చెప్తే కోప్పడవు గదా?"

"ఎందుకు కోప్పడతా? చెప్పు."

గౌను అంచు పిండుకుంది. తర్వాత తల ఎత్తకుండా, "పోవాలనుంది" అంది.

నేను కోప్పడలేదు. బోరు కొట్టడం ఆపేశాను, దాని రెండో కాలికి ఇసుక అట్లాగే ఉంది. చేపల కవరు తీసుకుని ముందు నడిచాను. అది వెనక వస్తోందో లేదో కూడా చూడలేదు. మా ఇంట్లో నేను అలిగితే ఇట్లాగే ఉంటుంది, అరుపులుండవు, అన్నం పెడతాను, మాటలుండవు. రోజుల తరబడి ఉంటాను. మా ఆయనకు తెలుసు, మా అమ్మకు తెలుసు. పదకొండేళ్ళ పిల్లకు ఎంత తెలుసో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సగం దూరం పోయాక వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి తడిగా ఉంది.

"పోనులే అమ్మా" అంది. "నేను రానని చెప్తే పిన్నికి అర్థమవుతాది. పోతానంటే నీకు కాదు గదా."

ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది ఏమిటో దాచకుండా చెప్పాలి. సంతోషం. పోనంది, నాతోనే ఉంటుంది, గెలిచాను అన్న సంతోషం. ఆ మాటలో ఏముందో దిగడానికి ఇంకో పది అడుగులు పట్టింది. అప్పుడైనా ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, "పో తల్లీ, నేను ఉండగలను" అని ఉండొచ్చు. అవతల కారు కనపడుతోంది, దాని పక్కన చెల్లెలు నిలబడి మా వైపే చూస్తోంది. నేను ఆగలేదు.

కారు దగ్గర మా ఆయన, అనుకున్న ప్రకారం, గొంతు సవరించుకుని పిల్లను ముందుకు పిలిచాడు. సంగతంతా మొదటినుంచి చెప్పాడు. చెల్లెలు నోరు మెదపలేదు, మాట నిలబెట్టుకుంది. దాని చేతులు మాత్రం చున్నీ కొంగును మెలి తిప్పుతున్నాయి. పిల్ల అప్పుడే వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసి విన్నది. అంత నటన దానికి ఎక్కడ అబ్బిందో.

"చెప్పు నాయనా, ఏమంటావు?" అన్నాడు వాళ్ళ నాన్న.

"నేను అమ్మ కాడే ఉంటా" అంది. ఒక్క క్షణం ఆగి, ఎవరూ అడగకపోయినా, "పిన్ని ఇంట్లో నాకు బాగుండదు" అని కలిపింది.

ఆ రెండో ముక్క అబద్ధమని అక్కడున్న నలుగురిలో చెల్లెలికి తప్ప ముగ్గురికీ తెలుసు. చెల్లెలు నవ్వబోయింది, కుదరలేదు. "సరే బంగారూ, నీ ఇష్టం" అని పిల్ల జడ సర్ది, తలుపు తీయడానికి అటు తిరిగింది.

పిల్ల నా వైపు చూసింది, ఒప్పజెప్పిన పాఠం సరిగ్గా వచ్చిందా అన్నట్టు. నేను తలూపాను.